గుట్టు విప్పకుండా వేదిక దిగిన రోజు

ఆఖరిసారి మీరు ఒక కొత్త వస్తువును చూసి చప్పట్లు కొట్టినప్పుడు, ఆ వస్తువు మీ చేతిలో ఉందా, వేదిక మీద నిలబడ్డ మనిషి చేతిలో ఉందా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ కొట్టాను. అంతకన్నా ఘోరం, ఆ చప్పట్లు ఎక్కడ పడాలో కాగితం మీద గుర్తు పెట్టింది నేనే.

ఇరవై ఏళ్ల వయసులో నేను మహిమల గుట్టు విప్పే బృందంతో తిరిగాను. మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో బడి వరండాల్లో, సంత రోజుల్లో బల్లలు కలిపి వేసిన వేదికల మీద నిలబడి గాల్లోంచి విభూది తీసేదాన్ని. నాలుక మీద కర్పూరం వెలిగించుకునేదాన్ని. జనం కన్నార్పకుండా చూసేవాళ్లు. కొందరు ఆడవాళ్లు కొంగు భుజాన కప్పుకుని దండం పెట్టేవాళ్లు. సరిగ్గా అప్పుడు ఆగి చెప్పేవాళ్లం: విభూది ఉండ బొటనవేలి సందులో దాచాం, ఇదిగో చూడండి, కోస్తే రక్తం కారిన నిమ్మకాయలో దయ్యం లేదు, కత్తికి మందార రసం పూశాం, మీరూ చేయగలరు, రండి. మా బృందం పెద్దాయనది ఒకటే నియమం. గుట్టు విప్పకుండా వేదిక దిగకూడదు. ఒక ఊళ్లో రాళ్లు పడ్డాయి. ఆయన తల మీద తువ్వాలు కప్పుకుని, మందార రసం సంగతి చివరిదాకా చెప్పి, అప్పుడు దిగాడు. "సగం ఆట ఆడి పోతే మనం కూడ బాబాలమే" అన్నాడు జీపులో, నుదుటి మీద రక్తం తుడుచుకుంటూ.

ఆ నియమాన్ని నేను ఒక్కసారి తప్పాను. అది హైటెక్ సిటీలో, చల్లటి హాల్లో, చదువుకున్నవాళ్ల మధ్య తప్పాను.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. కొండాపూర్‌లో అక్కతో కలిసి ఉంటాను. అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద, ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మాది క్రైస్తవ కుటుంబం. ఆమె చర్చి వదల్లేదు, నేను పంతొమ్మిదో ఏట వదిలేశాను. ఆదివారం పొద్దున ఆమె పాటల పుస్తకం సంచిలో వేసుకుని చర్చిలో పాడే బృందానికి, కోయిర్‌కు బయలుదేరుతుంటే, నేను బల్ల ముందు కూర్చుని మూఢనమ్మకాల మీద వ్యాసం రాసుకుంటుంటాను. ఆమె గుమ్మం దగ్గర ఆగుతుంది.

"నీ కోసం కూడ ప్రార్థన చేస్త. ఊకెనే చేస్త, పైసలడుగ."

"ఫలితం కనబడితే చెప్పక్కా."

"నువ్వింక బతికే ఉన్నవ్ గదనే. అదే ఫలితం."

మా ఆదివారాలు ఎన్నో ఏళ్లుగా ఇలాగే మొదలవుతాయి.

వ్యాసాలతో ఇల్లు గడవదు కాబట్టి ఈ చుట్టుపక్కల కంపెనీలకు తెలుగులో మాటలు రాసిపెడతాను. అలా ఒక రోజు ఖాజాగూడ గుట్టలకు ఎదురుగా ఉన్న అద్దాల భవనం నుంచి పిలుపు వచ్చింది. చిన్న కంపెనీ. దాని యజమాని గోదావరి వైపు మనిషి, నలభై దాటని వయసు, మర్యాదస్తుడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన మ్యూజిక్ ప్లేయర్ ఒకటి బల్ల మీద పెట్టాడు. దానికి తెర లేదు. ఫోన్ రాదు, మెసేజ్ రాదు. పాట వస్తుంది, అంతే.

"మనిషి పాట వినడం మర్చిపోయాడండి. పాట వింటూ ఇంకేదో చూస్తున్నాడు. అది మార్చాలండి" అన్నాడు.

నాకు నచ్చింది. అక్క పాత టేప్‌రికార్డర్ గుర్తొచ్చింది. కోయిర్‌లో తన గొంతుకు వచ్చే వరసను పట్టుకోవడానికి ఆమె ఒకే చరణాన్ని వెనక్కి తిప్పి తిప్పి వినేది. మీట నొక్కినప్పుడల్లా టక్‌మని చప్పుడు. నేను పక్క గదిలో చెవులు మూసుకుని చదువుకునేదాన్ని. వినడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకే తెలుసు.

ఆ ప్లేయర్‌లో ఇంకో విశేషం ఉందన్నాడు. అది చెవిని చదువుతుంది. ముందు సన్నటి కూతలు వినిపించి, మీ చెవికి ఏ ధ్వనులు తగ్గాయో కనిపెట్టి, పాటలో వాటిని పెంచి ఇస్తుంది. వయసు మీద పడ్డవాళ్లకు పాట మళ్లీ పూర్తిగా వినిపిస్తుంది. అంతా బాగుంది. ఆ భాగం ఇంకా తయారు కాలేదు, అదొక్కటే లోటు. పాటలు వాయించే ప్లేయర్లు నిజంగానే ఉన్నాయి. చెవిని చదవడం మాత్రం ఇంజనీర్ల కంప్యూటర్లలో సగంలో ఉంది.

"దీన్ని వేదిక మీద ఎలా చూపించాలి మేడం? ఒకళ్ల చెవికి ఎలా వినబడుతుందో హాలంతటికీ ఎలా తెలుస్తుందండీ?"

నా పాత విద్య లేచి కూర్చుంది. ఆ క్షణంలో నాకు కలిగింది గర్వమే, దాచను. "ముందు హాలు మొత్తాన్ని కాస్త చెవిటి చేయండి" అన్నాను. "పాటను స్పీకర్లలో మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపించండి. వేదిక వెనక పెద్ద తెర మీద 'ముందు' అని పడాలి. మీరు ప్లేయర్ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కండి. అదే సమయానికి సౌండ్ చూసే మనిషి పాటను మామూలుగా వదలాలి. తెర మీద 'తర్వాత'. అంతే, జనం తల ఎత్తుతారు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. నేను వెంటనే, నా నిజాయితీ నిలబడాలని, చివరి వాక్యం కూడా రాయించాను: "మీరిప్పుడు విన్నది మా సౌండ్ బల్ల నుంచి వచ్చిన నమూనా. ఈ ప్లేయర్ చెవిని చదివే పని ఇంకా నేర్చుకుంటోంది."

ఆ ఒక్క వాక్యం ఉంటే అది పాఠం. లేకపోతే బొటనవేలి సందులో విభూది.

విడుదల బుధవారం పొద్దున. అక్క కూడా వస్తానంది. "నువ్వు రాసిన మాటలు గుళ్లె, చర్చిల ఎట్లైనా చదవరు. గీడనన్న వింట" అంటూ ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆమెను మూడో వరసలో కూర్చోబెట్టి నేను వేదిక వెనక్కి వెళ్లాను. అక్కడ కొబ్బరికాయ కొట్టారు. వేదిక మీద చూపించబోయే ప్లేయర్‌కు కుంకుమ బొట్టు పెట్టారు. నిజం ప్లేయర్ వేదిక మీద మొరాయిస్తుందేమోనని తెచ్చిన ఖాళీ తొడుగు అది. చేతిలో బరువు తెలియాలని లోపల రెండు ఇనుప వాషర్లు అంటించారు. సౌండ్ బల్ల దగ్గర కూర్చున్న పాతబస్తీ మనిషి నాకు కన్ను గీటాడు.

"మేడం, బొట్టు ఆ డబ్బాకు పెట్టిన్రు గని, నా ఈ మూడు వేళ్లకు పెట్టాలె. కరామత్, మహిమ అంత గిక్కడనే ఉన్నది."

నవ్వాను. ఆ మాటను నేను వేదికెక్కి చెప్పాల్సింది. నవ్వాను.

ఆ పక్కనే యజమాని కాగితం మడతపెడుతూ నిలబడ్డాడు. "మేడం, ఆ చివరి లైన్ ఉంది చూశారా, రిహార్సల్‌లో అక్కడే గాలి తీసేస్తోందండి. చప్పట్లు రావాల్సిన చోట జనం ఆలోచిస్తున్నారు."

"ఆలోచిస్తే తప్పా?"

"తప్పని కాదండి. నాలుగేళ్లుగా ఈ ఒక్క నిమిషం కోసం నిద్రపోలేదు మా వాళ్లు. స్లయిడ్ మీద కింద వేయిస్తాను, మాట ఇస్తున్నాను. చెప్పినట్టే కదండీ."

లోపల వెలుగులు ఆర్పేశారు. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. జనం కూడా గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. నాకు వాదించడం నేర్పినవాళ్లు ఎదుటివాడి గొంతు పెద్దదైనప్పుడు నిలబడమన్నారు. ఎదుటివాడు బతిమాలినప్పుడు ఏం చేయాలో నేర్పలేదు. "సరే" అన్నాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు, మీరు ఇలాంటివి ఎన్నో చూశారు. పొగ. నల్ల టీషర్టు, తెల్ల బూట్లు. ఒక మనిషి ఒంటరిగా వెలుగులో నడిచి రావడం, మాట మధ్యలో ఆగడం, ఆ ఆగడానికే జనం ఈల వేయడం. 'ముందు' అని పడింది. పాట దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చింది. ఆయన బొటనవేలు నొక్కాడు. పాతబస్తీ మనిషి మూడు వేళ్లు పైకి జరిపాడు. తంబూరా తీగ ఒక్కొక్కటీ విడివిడిగా హాలంతా పరుచుకుంది. ఎనిమిది వందల కుర్చీల్లోంచి ఒకే ఊపిరి లేచింది. నేను తెర వైపు చూశాను. నా వాక్యం చీమకాళ్లంత అక్షరాల్లో కనబడి, నేను సగం చదివేలోపు పోయింది. ప్రశ్నల సమయం లేదు. మా పాత సభల్లో ప్రశ్నలకు గంట కేటాయించేవాళ్లం. ఇక్కడ చప్పట్లు ముగియకముందే పెద్ద మ్యూజిక్, సెల్ఫీల వరస, బిర్యానీ.

భోజనాల దగ్గర అక్క నా కోసం ఎదురుచూస్తోంది. ముఖం వెలిగిపోతోంది. కుడి చేత్తో నా మోచేయి పట్టుకుని పక్కకు లాగింది.

"నీకు చెప్పలే. ఆదివారం లేసేసరికి ఎడమ చెవి బంద్ అయింది. దూది కుక్కినట్టే ఉన్నది. లోపల ఒకటే గుయ్యి. కోయిర్ల నా పక్కనున్నామె పాడేది కూడ వినబడలే."

"ఆదివారమా? ఇవాళ బుధవారమక్కా!"

"పరేషాన్ గాకే. రేపు దవాఖానకు పోదామనుకున్న. ఇగ అక్కర్లే. ఇప్పుడు విన్న గద, ఆయన గది ఒత్తంగనే ఎంత సాఫ్‌గ వచ్చింది పాట! నాకే అట్లొచ్చిందంటే చెవి మంచిగనే ఉన్నట్టు, జర ఆసర కావాలె అంతే. బయట పేరు రాసిచ్చిన. నెల దినాలల్ల పంపిస్తరట."

ఆమెకే కాదు, హాల్లో అందరికీ అలాగే వచ్చింది. ఆమె కుడి చెవి బాగుంది, ఆ చెవితో విన్నది. ఈ సంగతి అక్కడే, బిర్యానీ పళ్లెం చేతిలో ఉండగానే చెప్పాల్సింది. నేను చెప్పింది ఇది: "అయినా ఒకసారి డాక్టర్‌కి చూపించుకుందాం."

"నేను ముప్పై ఏండ్లు డాక్టర్లను చూసిన. జలుబు గాలి తగిలింది. డబ్బా రానీ."

చెప్పకపోవడానికి నా దగ్గర కారణాలున్నాయి. కంపెనీ రహస్యాలు బయట చెప్పనని సంతకం చేశాను. కానీ సంతకం సాకు మాత్రమే. అసలు భయం వేరు. ఇన్నేళ్లుగా ఆమె నమ్మకాలను నేను వెక్కిరించాను. ఇప్పుడు నా నోటితో నేను వేసిన మాయను ఒప్పుకోవాలి.

గురువారం ఆమెకు తెలియకుండా ఒక చెవి డాక్టర్‌కు ఫోన్ చేసి, పరిచయస్తురాలి సంగతి అన్నట్టు అడిగాను. "ఉన్నట్టుండి ఒక చెవి పోయిందంటే ఇవాళే తీసుకురండి. ఇందులో ప్రతి రోజూ ముఖ్యమే" అంది ఆవిడ. ఫోన్ పెట్టేశాను. వెంటనే అక్క దగ్గరికి వెళ్లాల్సినదాన్ని ఖాజాగూడ వెళ్లాను. పని చేసే ప్లేయర్ ఒక్కటి దొరికినా నా అబద్ధం నిజమైపోతుందని ఆశ. ఆ ఆశ ఎంత అసహ్యమైనదో ఆటోలో కూర్చున్నప్పుడు తెలియలేదు.

"ఆ ఫీచర్ వానాకాలం దాటాక అప్‌డేట్‌లో వస్తుందండి. ఎవరికో అంత అర్జెంటా మేడం?" అన్నాడు యజమాని. అక్క చెవి సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "అయ్యో, మందులకు బదులు వాడమని మేం ఎక్కడా అనలేదు కదండీ" అన్నాడు. నిజమే, అనలేదు. ఆయన మోసగాడు కాదు. రేపు నిజమవుతుందనుకున్నదాన్ని ఇవాళే చూపించాడు, అంతే. బాబాల్లోనూ తమ విభూదిని తామే నమ్మేవాళ్లను నేను చూశాను. వాళ్లతో వాదించడమే కష్టం.

శుక్రవారం నేను రోజంతా అక్క నడకను చూస్తూ గడిపాను. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకడం లేదు. కుక్కర్ కూత ఏ వైపు నుంచి వచ్చిందో వెతుక్కుంటోంది. రోడ్డు దాటేటప్పుడు ఒక బైకు హారన్ కొడుతూ ఆమె పక్కగా పోయింది, ఆమె అటు తిరగలేదు. ఆ రాత్రి ఏమాలోచించానో రాయను. శనివారం పొద్దున లేచి వంటింట్లోకి వెళ్లాను.

అక్క బీరకాయ చెక్కు తీస్తోంది. నేను చిన్న స్పీకర్‌ను గట్టు మీద పెట్టి, ఆమె కోయిర్ పాట ఫోన్‌లోంచి పెట్టాను. స్పీకర్ మీద తువ్వాలు రెండు మడతలు వేసి కప్పాను.

"ఇది ముందు" అన్నాను.

"ఏందే గీ ఆట పొద్దుగాల?"

మా రోజువారీ జీలకర్ర డబ్బా చేతిలోకి తీసుకుని దాని మూత మీద బొటనవేలితో నొక్కాను. రెండో చేత్తో తువ్వాలు లాగేశాను. పాట స్పష్టంగా వచ్చింది.

"ఇది తర్వాత. బుధవారం నువ్వు విన్నది ఇదే అక్కా. ఆ డబ్బాలో రెండు ఇనుప వాషర్లున్నాయి. పాటను మార్చింది వెనక కూర్చున్న మనిషి. నీ చెవిని ఎవరూ చదవలేదు."

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. కుడి చెవి నా వైపు తిప్పింది.

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఎవరు నేర్పిన్రు వాళ్లకు?"

"నేనే."

ఆమె చేయి చాచి పాటను ఆపేసింది.

"మా పాస్టర్ ఏదన్న చెప్తె ఇంటికొచ్చి నిన్నడుగుత. నువ్వు కొట్లాడుతవ్. గప్పుడు నేను ఆలోచిస్త. అందరి మాటలకు నిన్ను అడ్డం పెట్టుకున్న గదనే. నీ మాటకు అడ్డం ఎవరిని పెట్టుకోవాలె? నువ్వు రాసినవంటే అండ్ల అబద్ధం ఉండదనుకున్న."

ఆమె లేచి చేతులు కడుక్కుని, "చెప్పులేసుకో. ఇంక ఎన్ని దినాలు పాడు జేస్తవ్?" అంది.

దవాఖానలో అక్కను చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. కూత వినబడినప్పుడల్లా చేయి ఎత్తాలి. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ఆ చిన్న ప్లేయర్ ఏ పని చేస్తుందని చెప్పామో అదే పని ఇక్కడ ఒక పాత యంత్రం, ఒక ఓపిక గల అమ్మాయి కలిసి చేస్తున్నారు. కుడి చెవికి అక్క చేయి టక్కున లేచేది. కోయిర్‌లో సైగ అందుకున్నట్టు లేచేది. తర్వాత ఎడమ చెవి. అమ్మాయి మీట నొక్కుతోంది. మళ్లీ నొక్కుతోంది. యంత్రం మీద దీపం వెలిగి ఆరుతోంది. అక్క చేయి ఒళ్లోనే ఉంది. ఆమె తదేకంగా, పూర్తి శ్రద్ధతో, ఏమీ వినబడని చోట వింటోంది.

"ఆదివారమో సోమవారమో వచ్చుంటే బాగుండేదమ్మా" అంది డాక్టర్. "ఇప్పుడైనా మందులు మొదలుపెడదాం. ఎంత వెనక్కి వస్తుందో చెప్పలేను."

డాక్టర్ 'ఆదివారమో సోమవారమో' అన్నప్పుడు అక్క నా వైపు చూడలేదు. బుధవారం దాకా ఆగింది ఆమె. బుధవారం నుంచి శనివారం దాకా ఆపింది నేను. ఆ మూడు రోజులకు ఎంత వినికిడి పోయిందో ఏ యంత్రమూ విడదీసి చెప్పలేదు. ఆ సంగతే నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు.

కొంత వచ్చింది. మంద్ర స్వరాలు వచ్చాయి, పైవి రాలేదు. కోయిర్‌లో ఆమె కుడి చెవి కీబోర్డు వైపు ఉండేలా చోటు మార్చుకుంది. వచ్చే వారం ఇంకో పరీక్ష ఉంది. ఈలోగా ప్లేయర్ ఇంటికి వచ్చింది. వద్దని తిప్పి పంపుదామన్నాను. "ఉండనీ. పాట మంచిగనే వస్తది. కుడి చెవితోని వింట" అంది. కంపెనీకి ఉత్తరం రాశాను. నా వాక్యాన్ని వాళ్లు వెబ్‌సైట్‌లో పెట్టారు, అన్నిటికన్నా అడుగున. ఆ తర్వాత మరో మూడు కంపెనీలు నన్ను పిలిచాయి. గుట్టు విప్పే వాక్యం తీసేయకూడదని ఒక్క షరతు పెట్టాను. ఎవరూ మళ్లీ ఫోన్ చేయలేదు.

మాయ చేసేవాళ్లు మానేస్తారని నేను అనుకోను. నాలాంటివాళ్లు మాటలు రాసిస్తూనే ఉంటాం, బతిమాలితే "సరే" అంటూనే ఉంటాం. కాబట్టి మమ్మల్ని నమ్మి కూర్చోకండి. ఈసారి పొగలోంచి ఒక మనిషి నడిచి వచ్చి బొటనవేలితో ఏదో నొక్కినప్పుడు, పక్కవాళ్లు ఈల వేస్తున్నా సరే, మీరు చేయి ఎత్తండి. "అది నా చేతికి ఇవ్వండి, నా చెవితో వింటాను" అని గట్టిగా అడగండి. ఇచ్చేదాకా ఆ చేయి దించకండి.